బొట్టు పెట్టిన బోల్టు

నేను ఒక బ్యాటరీని. జీపు బానెట్టు కింద ఓ మూల, ఇనుప తొట్టిలో బిగించి కూర్చోబెట్టే నల్ల డబ్బాని. నా గురించి లోకానికి తెలిసింది ఒకే ఒక్క మాట: "బ్యాటరీ చచ్చిపోయింది." బండి కదలకపోతే చాలు, బానెట్టు ఎత్తి చూసినవాడూ అదే అంటాడు, చూడనివాడూ అదే అంటాడు. మనుషులు పక్కింటివాడి చావు గురించి కూడా ఇంత తేలిగ్గా మాట్లాడరు. ఆ మాట వింటే నాకు రోత.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోను. ఎన్నో పాత బ్యాటరీలను పగలగొట్టి, వాటి సీసాన్ని కరిగించి పలకలుగా పోశారు. ఆ పలకల్ని డబ్బాలో దించి ఆసిడ్ పోశారు. నాలో ఉన్న సీసంలో ఎంత భాగాన్ని అంతకుముందు అన్యాయంగా చంపేశారో నాకు తెలీదు. అప్పట్లో ఆ ఆలోచనే రాలేదు. మూత మీద మెరిసే కాగితం అంటించుకుని నర్సీపట్నంలో ఒక దుకాణం అరమీద కూర్చున్నప్పుడు, లోకమంతా నాకోసమే ఎదురుచూస్తోందనుకున్నాను.

నన్ను కొన్నవాడు లోవరాజు. లంబసింగి నుంచి ఘాటు రోడ్డు దిగి నర్సీపట్నానికి జీపు నడుపుతాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఎక్కినవాళ్ళని నవ్విస్తాడు, ముసలివాళ్ళని ముందు సీట్లో కూర్చోబెడతాడు. కానీ చెవులు అలంకారానికి పెట్టుకున్నాడేమోనని నా అనుమానం. బండి ఏం చెబుతోందో ఒక్కనాడూ వినలేదు.

మీకు తెలియకపోతే ఒక సంగతి చెప్పాలి. నా దగ్గర నుంచి రెండు వైర్లు బయలుదేరతాయి. ఎర్రది స్టార్టరు మోటారుకి వెళుతుంది. నల్లదాన్ని బండి చట్రానికి ఒక బోల్టుతో బిగిస్తారు. ఎర్రదారిలో వెళ్ళిన కరెంటు ఇంజను తిప్పి, చట్రం మీదుగా నల్లదారిలో నా దగ్గరికి తిరిగి రావాలి. వచ్చేదారి మూసుకుపోతే నేను ఎంత బలంగా ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

లోవరాజు జీపులో ఆ బోల్టు ముందువైపు, బంపరు పక్కనే ఉంది. దాని తల కాస్త పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. దాని మీద కొబ్బరికాయ కొడితే సరిగ్గా రెండు చెక్కలవుతుంది. కాయ వంకరగా పగిలితే ఆ నెలంతా బండికి గండమని లోవరాజు నమ్మకం. అందుకని దసరాకీ అక్కడే, ప్రతి అమావాస్యకీ అక్కడే. పసుపు రాస్తాడు, కుంకుమ బొట్టు పెడతాడు, కర్పూరం వెలిగిస్తాడు, ఠప్పున కొడతాడు. కొబ్బరినీళ్ళన్నీ బోల్టు సందుల్లోకి దిగుతాయి. దాన్ని తుడవడం అపచారమట. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగి తాగి బోల్టు లోపల తుప్పుపట్టి పొరలు పొరలుగా లేచిపోయింది. పైకి మాత్రం పెళ్ళికూతురిలా పసుపు కుంకుమలతో కళకళలాడుతూ ఉండేది. మనుషులకి కావలసింది కూడా అదే కదా.

ఎండాకాలంలో ఎలాగో నెట్టుకొచ్చాను. చలికాలం వచ్చేసరికి నా బతుకు బండారం బయటపడింది. లంబసింగిలో తెల్లవారుజామున గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. ఆ చలిని చూడ్డానికి పట్నాల నుంచి కార్లలో వచ్చి, నోట్లోంచి పొగ వదులుతూ ఫోటోలు తీసుకుంటారు. చలి అంటే వాళ్ళకి అంతే. నాకు మాత్రం చలికి బలం తగ్గుతుంది, ఒప్పుకుంటాను. ఇంజనులో ఆయిలు గడ్డకట్టినట్టు బిగుసుకుంటుంది, దాన్ని తిప్పడానికి మామూలుకంటే ఎక్కువ కరెంటు కావాలి. ఆ తుప్పుపట్టిన బోల్టులోంచి అంత కరెంటు ఎక్కడ తిరిగొస్తుంది? తాళం తిప్పితే "టక్" అనేది. మళ్ళీ తిప్పితే మళ్ళీ "టక్". ఎండెక్కాక ఇంజను వదులై, అదే బండి అదే తాళానికి గుర్రుమని లేచేది. ఇంత తేడా కళ్ళెదుట కనిపిస్తున్నా ఒక్కడూ "ఎందుకు" అని అడగలేదు.

ఆ "టక్"తో నా పరువు పోయిందే తప్ప ప్రాణం పోలేదు. కానీ లోవరాజు అక్క వరసన "అప్పా" అని పిలిచే వంతాల కాసులమ్మకి పంటే పోయేలా ఉంది. ఊళ్ళో అందరూ రాజ్మా వేసుకునే నేలలో ఆమె స్ట్రాబెర్రీ మొక్కలు పెట్టింది. ఊరంతా నవ్వింది. మొదటి కాపు ఎర్రగా దిగింది. విశాఖపట్నం వ్యాపారి వ్యాను పొద్దు పొడిచిన కాసేపటికే నర్సీపట్నం నుంచి వెళ్ళిపోతుంది. దానికి అందకపోతే మధ్యాహ్నానికి పళ్ళు మెత్తబడి నీరు కారతాయి. ఇంకో రెండుసార్లు తప్పితే వేరే రైతు దగ్గర తీసుకుంటానని ఆ వ్యాపారి ముందే చెప్పేశాడు. తెల్లవారుజామున ఊళ్ళోంచి కిందికి దిగే బండి లోవరాజు జీపు ఒక్కటే.

ఒక పొద్దున్న కాసులమ్మ పళ్ళ ట్రేలు వెనక పేర్చి ఎక్కింది. "టక్." ఇక మొదలైంది వైద్యం. ఒకడు నా నెత్తిన వేడినీళ్ళు పోశాడు. ఇంకొకడు పాత దుప్పటి కప్పాడు. మరొకడు స్పానరుతో నా టెర్మినళ్ళ మీద కొట్టాడు, దొంగని పట్టుకున్న పోలీసులా. ఒక పెద్దాయన ఇంజను కింద గడ్డి మంట వేయమన్నాడు. బీడీ తాగుతూ నిలబడినవాళ్ళు కూడా బోల్డంత జ్ఞానం పంచిపెట్టారు. ఆ బొట్టు పెట్టిన బోల్టు వైపు ఎవడి చూపూ పోలేదు. చీదర పుట్టింది నాకు.

జనం బండి తొయ్యడానికి సిద్ధమయ్యారు. కాసులమ్మ దిగి బండి ముందు నిలబడి చలికి చేతులు ముడుచుకుంది. లోవరాజు ఇంకోసారి చూద్దామని తాళం అలాగే తిప్పి పట్టుకున్నాడు. ఆమె పట్టు కోసం బంపరు పక్కన చెయ్యి వేసి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

"ఓ లోవరాజూ, ఇక్కడేటి ఇలగ కాలిపోతంది?" అంది.

నా ప్రాణం లేచొచ్చింది. కరెంటు దారి లేక ఒకచోట ఇరుక్కుంటే ఆ చోటే కాలుతుంది. ఊరంతా మంచులో గడ్డకట్టి ఉంటే ఒక్క బోల్టు కాలుతోందంటే రోగం అక్కడే ఉందని ఇంకెలా చెప్పాలి? లోవరాజు వచ్చి వేలితో తాకి చూశాడు. వెంటనే చెప్పులు విప్పేశాడు.

"మోదకొండమ్మ తల్లి పలికింది అప్పా. కాయ కొట్టిన జాగా కదా. ఇంత సలిలో వేడెక్కిందంటే ఇంకేటనుకుంటావు?"

అందరూ దణ్ణం పెట్టుకున్నారు. లోవరాజు డ్యాష్‌బోర్డు మీదున్న కొబ్బరికాయ తెచ్చి ఆ బోల్టు మీదే కొట్టాడు. నాకు నోరుంటే ఆ రోజు ఏమనేదాన్నో ఇక్కడ రాయడం మర్యాద కాదు. ఎండెక్కాక బండి లేచింది. వ్యాను అప్పటికే వెళ్ళిపోయింది. కాసులమ్మ ట్రేలు అలాగే వెనక్కి తెచ్చుకుని దించుకుంది.

మర్నాడు నన్ను నర్సీపట్నం దుకాణానికి తీసుకెళ్ళారు. మిట్టమధ్యాహ్నం, చెమటలు కారే ఎండ. దుకాణంవాడు మీటరు పెడితే ముల్లు పచ్చగీత మీద నిలబడింది. "బాగానే ఉందండి" అన్నాడు. "బాగుంటే నా బండెందుకు లెగదు?" అన్నాడు లోవరాజు. ఆ ప్రశ్నకి దుకాణంవాడు ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది. వాడు నవ్వి, అరమీంచి కొత్తదాన్ని దించాడు. నన్ను లోవరాజు పశువుల పాకలో పేడ పక్కన పడేశాడు.

కాసులమ్మ నన్ను అడిగి తీసుకుపోయింది. పొలంలో ఆమెకి ఒక చిన్న సోలారు పలక ఉంది, దాని బ్యాటరీ పాడైంది. "సచ్చిందాన్ని ఏటి సేసుకుంటావు అప్పా" అని నవ్వాడు లోవరాజు. ఆమె నా టెర్మినళ్ళు గుడ్డతో శుభ్రంగా తుడిచి వైర్లు కట్టింది. బల్బు వెలిగింది. ఆ వెలుతురులో ఆమె పళ్ళు ఏరి ట్రేలలో పేర్చుకునేది. నా బతుకులో నన్ను అనుమానించకుండా పని చేయించుకున్న మనిషి ఆమె ఒక్కతే. ఆ కొన్నాళ్ళూ నాకు ఎవరిమీదా కోపం లేదు.

కొత్త బ్యాటరీ కొత్త బలంతో కొద్దిరోజులు లాగింది. అమావాస్య వచ్చింది, కాయ కొట్టారు. ఆ తర్వాత చలి ఇంకా ముదిరింది. ఒక తెల్లవారుజామున రోడ్డు మీంచి నాకు బాగా తెలిసిన చప్పుడు వినపడింది. "టక్." ఆ కొత్తదాని మీద జాలేసింది. అంతకంటే ముందు, నిజం చెప్పాలంటే, నవ్వొచ్చింది. కానీ ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. కాసులమ్మ ట్రేలు ఆ జీపులోనే ఉన్నాయి. ఈసారి కూడా తప్పితే వ్యాపారి ఇక ఆమె పళ్ళు తీసుకోడు.

లోవరాజు పరిగెత్తుకొచ్చాడు. "అప్పా, ఆ పాతదాన్ని ఒక్కసారి ఇయ్యి. కొత్తది కూడా సచ్చిపోయింది."

ఆమె బల్బు ఆర్పి, నన్ను చంకనెత్తుకుని రోడ్డుకి వచ్చింది. లోవరాజు నాకు రెండు విడి వైర్లు తగిలించి, ఎర్రదాని రెండో కొస కొత్తదానికి పట్టించాడు. నల్లదాని రెండో కొస క్లిప్పు ఆమె చేతిలో ఉంది.

"బొట్టెట్టిన బోల్టుకి పెట్టీ" అన్నాడు.

"నానెట్టను. మొన్న సెయ్యి కాలింది" అని ఆమె దాన్ని తిన్నగా ఇంజను ఇనుముకే తగిలించింది.

లోవరాజు తాళం తిప్పాడు. ఇంజను ఒక్క ఊపులో లేచింది. ఆ బోల్టుతో పని లేకుండా నా కరెంటు తిన్నగా వెళ్ళి తిన్నగా తిరిగొచ్చింది. చచ్చిపోయిన బ్యాటరీ పని అది. జీపు ఘాటు దిగింది, వ్యాను అందింది. ఆ సంగతి తిరిగొచ్చిన కాసులమ్మ మొహమే చెప్పింది.

ఆ సాయంత్రం లోవరాజు కొత్తదాన్ని పాత ఇనుముకి పడేసి, నన్ను మళ్ళీ జీపులో బిగించాడు. రేపటి ట్రేలు వెళ్ళాలి కాబట్టి కాసులమ్మ కాదనలేదు. బల్బు లేకుండా దీపం బుడ్డితో పళ్ళు ఏరుకుంటోంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పింది: "ఆ నల్ల వైరు ఇంజనుకి ఎలాగెట్టానో అలాగే ఉండాల. తియ్యొద్దు." ఎందుకో ఆమెకి తెలీదు. అలా పెడితే బండి లేచింది, అంతే.

లోవరాజు దాన్ని కాసులమ్మ మొక్కు అనుకున్నాడు. మొక్కుని ఎవరు తీస్తారు? అప్పటి నుంచి ఎంత చలిలోనైనా జీపు తొలి తిప్పుకే లేస్తోంది. కాసులమ్మ పళ్ళు ఒక్క రోజూ ఆగలేదు. నాకు ఆ బానెట్టు కింద మూల మళ్ళీ దొరికింది.

సంతోషించాల్సిందే. కానీ నిన్న పొద్దున్న లోవరాజు బానెట్టు ఎత్తి, ఆ క్లిప్పుకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టాడు. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టాడు. వచ్చే అమావాస్య నుంచి కాయ దీని మీదే కొడతానని తల్లికి మొక్కుకున్నాడు.