రేపటిదాకా కదపొద్దు

ఉత్తుత్తిగా చేసిన పనిని కూడా దేవుడు లెక్కలోకి తీసుకుంటాడా అని ఆ ఇంటాయనకు ఏళ్లుగా ఒక అనుమానం. ఇల్లు షూటింగుకు అద్దెకిచ్చిన రోజున అదే గుండెల్లో రాయిలా పడింది.

సాయంత్రం వెళ్లిపోతూ ఆర్ట్ డైరెక్టర్ మరీ మరీ చెప్పాడు. "ఏదీ కదపకండి బాబాయ్‌గారూ. మిగతా సీను రేపు. చావు జరిగిన ఇల్లు కదా, దీపం కూడా ఆరిపోయే ఉండాలి."

ఆయనా భార్యా రోజూ పడుకునే మంచం మీద, శవంలా పడుకున్న నటి ఒంటి బరువుకు పడిన గుంట తెల్లదుప్పటిలో అలాగే ఉంది. గూట్లో దేవుడి దీపం ఆరి ఉంది. పన్నెండేళ్ల కిందట భార్య జ్వరంతో చావు అంచుదాకా వెళ్తే, ఆమె బతికితే రోజూ తానే దీపం పెడతానని ఆయన మొక్కుకున్నాడు. ఆమె లేచింది. దీపం పని కూడా ఆమె నెత్తినే పడింది.

"ఏమండీ, ఒళ్లు కాలిపోతోంది," అంటూ భార్య వచ్చి ఆ మంచం మీద వాలింది. సరిగ్గా ఆ గుంటలోనే.

"లే! అక్కణ్ణుంచి ముందు లే!"

"అరుస్తారేం? రేపు ఆ నటికి బదులు నన్ను పడుకోబెడతారా ఏం?" అని నవ్వి, కళ్లు మూసుకుంది.

ఆయన గూటి దగ్గరికి వెళ్లాడు. సీను ఏమైతే అయిందనుకుని అగ్గిపుల్ల గీశాడు. మొక్కుకున్న పన్నెండేళ్లకు, మొదటిసారి తన చేత్తో దీపం వెలిగించాడు.