గట్టు మీద నడక

మాల వేసుకున్నాక ఇంట్లో నాకు పేరుండదు. నా భార్య నరసమ్మకి, కూతురు పుష్పరాణికి, పక్కింటి పిల్లలకి కూడా నేను స్వామినే. వాళ్ళు నాకు మాతలు. మండలం పూర్తయ్యేవరకు నల్లబట్ట, చన్నీటి స్నానం, చాప మీద పడక, వట్టి కాళ్ళు. డిసెంబరు చలిలో చెప్పుల్లేకుండా వాట్‌గంజ్ వీధుల్లో డ్యూటీకి వెళ్తుంటే బెంగాలీ దుకాణదార్లు కూడా తప్పుకుని దారిస్తారు. చాలా ఏళ్ళుగా వేస్తున్నాను. ఒక్కసారీ నియమం తప్పలేదు.

ఈ ఏడు దీక్షలో ఉండగానే మా పుష్పకి పరీక్ష వచ్చింది.

కాగితం మీద రాసే పరీక్ష కాదు. నాంఖానా దాటి ఇంకా కిందికి వెళ్తే, నది సముద్రంలో కలిసే చోట ఉప్పు బురదనేల ఉంది. పోటుకి మునుగుతుంది, పాటుకి తేలుతుంది. మడచెట్లు, ఉప్పుగడ్డి, ఎర్రపీతలు, బురద మీద గెంతే చేపలు, అదొక లోకం. దాన్ని కాపాడే సంస్థవాళ్ళు సెలవురోజుల్లో జనాన్ని లోపలికి నడిపించి చూపిస్తారు. ఇంతకాలం పుష్ప వేరే గైడు వెనకాల నడుస్తూ పని నేర్చుకుంది. ఆ ఆదివారం మొదటిసారి తనే ముందు నడవాలి. సంస్థలో పెద్దావిడ బర్నాలీదీ వెనక నుంచి చూస్తుంది. నచ్చితే గైడుగా తీసుకుంటారు. నచ్చకపోతే మా పిల్ల మళ్ళీ ఏక్‌బాల్‌పూర్‌లో ఫోన్ల దుకాణంలో కూర్చోవాలి.

"మీరిద్దరూ కూడా రండి స్వామీ. ఒక్కసారైనా నా పని చూడరా?" అని తనే పిలిచింది.

తెల్లవారుజామున పూజ చేసుకుని లోకల్ రైలెక్కి, అక్కణ్ణుంచి టోటో అనే బ్యాటరీ రిక్షాలో వెళ్ళాం. గేటు దగ్గర మాతోపాటు కొందరు బెంగాలీవాళ్ళున్నారు. వాళ్ళలో బెహాలా నుంచి వచ్చిన ఒక లావుపాటి పెద్దమనిషి, మెడలో పెద్ద కెమెరా. పక్కన రబ్బరు బూట్లు వరసగా పెట్టున్నాయి. ఒక్కొక్కరి కాలు చూసి పుష్పే తీసి ఇస్తోంది. నరసమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని బూట్లు తొడుక్కుంది.

"ఏటి స్వామీ అలా సూస్తావు? పోలీసులా ఉన్నానా?" అంది.

"మిలిట్రీలా ఉన్నావు మాతా," అన్నాను.

నా వంతు వచ్చింది. పుష్ప బూట్లు పట్టుకుని నిలబడింది.

"నాకెందుకు మాతా? దీక్షలో ఉన్నాను కదా," అన్నాను.

పిల్ల మొహం పాలిపోయింది. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు. నేను ఎక్కడికైనా వట్టి కాళ్ళతోనే వెళ్తాను, అది మా ఇంట్లో గాలి పీల్చుకోవడంలాంటి సంగతి. దాని గురించి ఎవరాలోచిస్తారు?

"స్వామీ, లోపల మడచెట్ల వేళ్ళు బురదలోంచి మేకుల్లా పైకి లేచుంటాయి. ఇక్కడివాళ్ళు వాటిని శూలాలంటారు. బూట్లు లేకుండా ఎవ్వరినీ దింపకూడదు."

"శబరిమలలో రాళ్ళ మీద నడిచే కాళ్ళమ్మా ఇవి."

"అక్కడ రాయి కనబడుతుంది. ఇక్కడ బురద కింద ఏముందో కనబడదు."

పెద్దమనిషి కల్పించుకున్నాడు. "అరె, ఈ అమ్మాయి ఈయన్ని స్వామీ అంటోందేమిటి? తండ్రి కాడా?" బెంగాలీలో ఆ మాటకి మొగుడనే అర్థం. అందరూ నవ్వారు. పుష్ప కూడా నవ్వి, మాల సంగతి చెప్పింది. వెంటనే ఆయన నాకు రెండు చేతులూ జోడించాడు. "అయితే రానివ్వమ్మా! దేవుడి మొక్కు. మా తారకేశ్వర్‌కి జనం వట్టి కాళ్ళతో పోవడం లేదూ?" తక్కినవాళ్ళు కూడా "రానివ్వు, రానివ్వు" అన్నారు.

పుష్ప బర్నాలీదీ వైపు చూసింది. ఆవిడ టోపీ సర్దుకుంటూ, "నడక నీది. నువ్వే చెప్పు," అంది.

నేను గొంతు తగ్గించి తెలుగులో అన్నాను. "నా కాలు, నా మొక్కు. ఏదన్నా గుచ్చుకుంటే ఆ బాధ నేనే పడతాను. నీ మీదకి రాదు."

"లోపలికి దిగాక ఆ కాలు నా పూచీ స్వామీ," అంది. "బూట్లు వేసుకుంటే రండి. లేకపోతే కుడివైపు మట్టిగట్టు ఉంది. దాని మీద మాకు పక్కగా నడవచ్చు. అంతా కనబడుతుంది. కిందికి మాత్రం దిగొద్దు."

అందరి ముందూ చెప్పింది. నేను గట్టెక్కాను.

గట్టు మీద మట్టి చల్లగా, మెత్తగా ఉంది. కింద వాళ్ళు బురదలో కాళ్ళు పీక్కుంటూ నడుస్తున్నారు. నా మనసు మాత్రం కుదురుగా లేదు. చెప్పులు విడిచేది అహంకారం విడవడానికని గురుస్వామి చెప్తారు. ఇందాక గేటు దగ్గర ఆ పెద్దమనిషి నా కాళ్ళ వంక చూసి చేతులు జోడిస్తే నాకు హాయిగా అనిపించింది. మరి నేను విడిచిందేమిటి? బూట్లు తొడుక్కుంటే అయ్యప్పకి కోపమొస్తుందా, లేక నాకే వస్తుందా? నియమం నియమమే అనుకుని నడిచాను.

నడుస్తుంటే నా పని గుర్తొచ్చింది. కార్పొరేషన్‌లో నాది లాక్‌గేటు డ్యూటీ. వానకి వీధులు మునిగితే గేటెత్తి ఆ నీళ్ళని గంగలోకి వదలాలి. గంగలో పోటున్నప్పుడు మాత్రం ఎత్తకూడదు. ఎత్తితే గంగే వీధిలోకి వస్తుంది. అది జనానికి చెప్తే వింటారా? మోకాలిలోతు నీళ్ళలో వచ్చి గేటు ముందు నిలబడి తిడతారు. ఒక వానకి నా సొంత బావమరిది సోములు, మంచంతో సహా ఇల్లు మునిగి, చేతులు పట్టుకుని బతిమాలాడు. "బావా, ఒక్క జానెడు ఎత్తు," అన్నాడు. ఎత్తలేదు. చాలాకాలం వాడు మా గడప తొక్కలేదు. అప్పుడు పుష్ప చిన్నది. నాకు అన్నం తెచ్చి, గేటు పక్కన నిలబడి అంతా విన్నది.

తలెత్తి చూశాను. పుష్ప ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి ఒక్కొక్కరినీ చూసుకుంటోంది. ఏదో చూపించగానే అందరూ వంగారు. ఎర్రపీతల గుంపు ఒక్కసారిగా బొరియల్లోకి దూరింది. నరసమ్మ నవ్వు గట్టుదాకా వినబడింది. ఇంకొంచెం ముందుకెళ్తే సముద్రం కనబడే చోటు. అందరూ ఆశగా అటే నడుస్తున్నారు.

అప్పుడే నాకు దక్షిణపు గాలి తగిలింది. గట్టు పక్కన పారే నీటిపాయ వైపు చూశాను. అంతవరకు సముద్రం వైపు కొట్టుకుపోతున్న ఎండుటాకులు ఆగిపోయాయి. ఒకటి మెల్లగా వెనక్కి తిరిగింది. పోటు మొదలైంది, అనుకున్నదానికంటే ముందుగా. ఆ పాయ వాళ్ళ వెనక నుంచి వంపు తిరిగి వస్తుంది. అది నిండితే తిరిగొచ్చే దారి తెగిపోతుంది.

పుష్ప చూసిందా? అటు వీపు పెట్టి మాట్లాడుతోంది.

అరుద్దామని నోరు తెరిచాను. అరిస్తే బర్నాలీదీ వింటుంది. తండ్రి చెప్తేగాని తెలియలేదంటుంది, పిల్ల కథ అక్కడితో సరి. అరవకపోతే? కింద నా భార్య ఉంది, ఊరుపేరు తెలియని జనం ఉన్నారు. "స్వామియే శరణమయ్యప్పా" అని, ఆ ఆకు మడచెట్టు మొదలుకి చేరేదాకా ఆగుదామనుకున్నాను. అప్పటికీ పుష్ప ఇటు తిరగకపోతే పరీక్ష పోయినా సరే, కేక వేస్తాను.

ఆకు ఇంకా చెట్టును చేరలేదు. పుష్ప మాట మధ్యలో ఆపింది. మొహం గాలికి పెట్టింది. వంగి, కాలి పక్కనున్న పీతబొరియలో నీళ్ళు ఊరుతున్నాయేమో చూసింది. లేచి, రెండు చేతులూ చాచి అందరికీ అడ్డంగా నిలబడింది.

పెద్దమనిషి కెమెరా ఊపుతూ ఏదో అంటున్నాడు. సముద్రం చూపిస్తానని తీసుకొచ్చి చూపించవేమని కాబోలు. పుష్ప నవ్వుతూనే తల అడ్డంగా ఊపింది. ఆయన ఒక అడుగు ముందుకేశాడు. ఆమె కదల్లేదు. ఆ నిలబడే తీరు నాకు తెలుసు. కాళ్ళు కాస్త ఎడంగా, గడ్డం కిందికి, తిట్లన్నీ మీద పడనిస్తూ. చేతిలో గేటు చక్రం ఒక్కటే తక్కువ.

చివరికి ఆయన వెనక్కి తిరిగాడు. అందరినీ ముందు పంపి ఆఖరున పుష్ప నడిచింది. వాళ్ళు గేటు చేరి వెనక్కి చూసేసరికి, ఇందాక నడిచిన బురద మీద నీళ్ళు మెరుస్తున్నాయి. పెద్దమనిషి కెమెరా తీసి ఆ నీళ్ళకే ఫొటోలు తీసుకున్నాడు.

బర్నాలీదీ పుష్ప వైపు తిరిగింది. "వచ్చే ఆదివారం బారుయీపూర్ కాలేజీ పిల్లలొస్తారు. నువ్వే తీసుకెళ్ళు. నేను రాను," అని టీ తాగడానికి వెళ్ళిపోయింది.

పుష్ప నా దగ్గరికొచ్చింది. "కోపమా స్వామీ?"

దీక్షలో అబద్ధం ఆడకూడదు. "గట్టెక్కేటప్పుడు ఉంది మాతా. దిగేటప్పుడు లేదు," అన్నాను. తను వంగి నా పాదాలకి దణ్ణం పెట్టింది. మాలధారికి పెట్టిందో, తండ్రికి పెట్టిందో అడగలేదు.

సాయంత్రం లోకల్లో ఎదురు సీట్లో ఉన్న బెంగాలీ ముసలాయన నా నల్లబట్టలు చూసి పలకరించాడు. "ఎక్కణ్ణుంచి దాదా? ఆ మడచెట్ల మధ్యకి వెళ్ళారా? లోపల బాగుంటుందంటారు."

"లోపలికి వెళ్ళలేదండీ," అన్నాను. "అక్కడి గైడు నన్ను రానివ్వలేదు."

"అయ్యో! అంత దూరం వెళ్తే రానివ్వలేదా? ఎవరా గైడు?"

పక్క బెంచీ వాళ్ళకి కూడా వినబడేలా చెప్పాను. "మా అమ్మాయే."

ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నరసమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. "ఏటి స్వామీ, కూతురు బయట నిలబెట్టిందని బండంతా సాటుతావేటి?" అంది. అని, ఆ ముసలాయన వైపు తిరిగి, వచ్చీరాని బెంగాలీలో మొదటినుంచీ తనే చెప్పడం మొదలుపెట్టింది.