ముందుకు ఒకటే గేరు

1999 మే తొమ్మిది, ఆదివారం. ఆ మధ్యాహ్నం మేం తిన్నది రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి, పక్కన ఒక పచ్చి ఉల్లిగడ్డ. తినే ముందు చేతులు కడుక్కున్నాం. ఇదీ ఒక విశేషమా అనకండి. బోడిగుట్టపల్లిలో అంతకుముందు నాలుగు నెలలుగా అన్నానికి ముందు ఎవరూ చేతులు కడగలేదు. తడిగుడ్డతో తుడుచుకునేవాళ్లు. ఆ రోజు అంజనమ్మ అనే పెద్దావిడ నా చేతుల మీద నిండు చెంబు పోసింది. కింద జారిన నీళ్లను బేసిన్లో పట్టి మేకకు పెట్టింది. మేక తాగి తల ఎత్తి నన్ను చూసింది.

ఆ నీళ్లు గుట్ట ఎక్కింది రామాంజులు లారీలో.

రామాంజులు సోమందేపల్లెలో హైవే పక్కన రేకుల షెడ్డులో మెకానిక్. చదువు ఆరో తరగతితో సరి. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. నా స్కూటర్ మొరాయించినప్పుడల్లా అతని దగ్గర కూర్చోవడం అలవాటైంది. గుట్ట మీదున్న బోడిగుట్టపల్లికి ఎండిన వాగు వంకలోని రాళ్ల దారే గతి. నీళ్ల ట్రాక్టర్ వంక దగ్గర ఆగిపోయేది. అక్కణ్ణుంచి ఆడవాళ్లు బిందెలు మోయాలి. అది చూసి వచ్చిన రోజు రామాంజులు రాత్రి భోజనం చేయలేదని అతని భార్య చెప్పింది. మర్నాటి నుంచి లారీ కట్టడం మొదలుపెట్టాడు.

మిలిటరీ వాళ్లు వేలం వేసిన ఒక పాత లారీ. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందాలని ముందు ఇరుసు మరో మిలిటరీ బండిది తెచ్చాడు. స్టీరింగు బస్సుది. వెనక ట్యాంకు ఏదో డెయిరీ వాళ్లు పారేసిన పాల ట్యాంకు. వెల్డింగ్ చేసిన ప్రతి అతుకునూ స్పానర్‌తో తట్టి, చెవి ఆనించి వినేవాడు. మోత నచ్చకపోతే కోసి మళ్లీ అతికేవాడు. నేను పుస్తకాల్లో చదివిన ధ్వని పాఠం అంత బాగా అర్థమైంది అక్కడే.

అంతా బిగించి, బండిని జాకీల మీదికెత్తి చూస్తే ముందు చక్రాలు ఒకవైపు, వెనక చక్రాలు ఇంకోవైపు తిరిగాయి. రామాంజులు తల గోక్కున్నాడు.

“సార్, నువ్వు సదివినోడివి. చెప్పు, ఏం చేద్దాం?”

నేను చాక్‌పీసు తీసుకుని నేల మీద బొమ్మ గీశాను. వెనక ఇరుసును తలకిందులుగా బిగిస్తే రెండూ ఒకేవైపు తిరుగుతాయని పావుగంటలో తేల్చాను. రామాంజులు బొమ్మ కేసి చాలాసేపు చూశాడు. ఏదో అడగబోయి, “సరేలే సార్” అన్నాడు. రెండు రోజులు కష్టపడి బిగించాడు.

రెండూ ఒకేవైపు తిరిగాయి. వెనక్కి. మొదటి గేరు వేయగానే లారీ వెనక్కి నడిచి షెడ్డు గోడను కూల్చింది. నేను తిప్పించాల్సింది ముందు ఇరుసును. టీ కొట్టు దగ్గరి డ్రైవర్లంతా పరిగెత్తుకొచ్చారు.

“ఎవురప్పా ఇట్ల బిగించినోడు?”

నేను నోరు తెరిచేలోపే రామాంజులు అన్నాడు. “నేనేప్పా. తలకాయ తిరిగినాది.”

ఆ తర్వాత కూడా నేను నోరు తెరిచి ఉండొచ్చు. తెరవలేదు.

ఇక రివర్సు గేరే ముందుకు. ముందుకు ఒకటి, వెనక్కి నాలుగు. విప్పి సరిచేద్దామంటే ఆ వారం కూడా గుట్ట మీద ఎవరూ చేతులు కడుక్కోరు. అలాగే తోలాడు. రివర్సు గేరుకు వేగం తక్కువ, బలం ఎక్కువ. నిండు ట్యాంకుతో, చూలు బర్రె నడిచినట్టు, బండి వంక దాటి గుట్ట ఎక్కింది. ఆ మే తొమ్మిది తర్వాత దాన్ని మార్చాలని ఎవరూ అనలేదు. తలకిందులైన ఇరుసు నుంచి నూనె కారితే రామాంజులు దాని కింద పాలపొడి డబ్బా వేలాడదీశాడు. ఐదు వేసవులు నడిపాడు. బండి కనిపిస్తే చాలు, డ్రైవర్లు కేకలేసేవాళ్లు.

“ఏమన్నా, గుట్టకేనా? లేకుంటే తాగి బిగించినావే, ఆ బ్రాందీ అంగడికా?”

అతను నవ్వి చెయ్యి ఊపేవాడు. నేను పక్కన ఉంటే ఇంకాస్త గట్టిగా నవ్వేవాడు.

ఈ సంగతి నేను చెప్పింది నా భార్య సుజాతకు ఒక్కదానికే. “చెప్పేస్తే పోతాది కదా. ఆయప్ప ఎన్నేండ్లు మోస్తాడు?” అంది. అలాగే చెబుతానన్నాను. 2002లో ఆమె పోయింది. ఆమెకు ఇచ్చిన మాటల్లో నిలుపుకోనిది అదొక్కటే అని నా లెక్క. ఆమె లెక్క వేరుగా ఉండేదేమో.

గుట్ట మీదికి పైపులైను వచ్చాక లారీ షెడ్డులోనే నిలబడిపోయింది. 2006 ఫిబ్రవరిలో, కళ్లు మసకబారాయని రామాంజులు షెడ్డు ఖాళీ చేయడానికి సిద్ధపడ్డాడు. నేను ఊళ్లోని ఐటీఐకి పోయి మాట్లాడాను. వర్క్‌షాపులో పెట్టుకుంటాం, పిల్లలకు చూపిస్తాం అన్నారు. మాకు బండి ముఖ్యం కాదు సార్, కట్టిన చెయ్యి ముఖ్యం అని కూడా అన్నారు. ఆ మాట మోసుకుని సాయంత్రం షెడ్డుకు పోతే, గ్యాస్ సిలిండర్లు దించి ఉన్నాయి. పాత ఇనుము కోసే యేసన్న లారీ కింద దూరి ఉన్నాడు.

“ఏమిది రామాంజులూ?”

“కోసేస్తాండాం సార్. దీన్ని ఇంగ యాడ పెట్టుకునేది?”

ఐటీఐ సంగతి చెప్పాను. అతని ముఖం వెలిగింది. వెంటనే ఆరిపోయింది.

“వద్దులే సార్. కోసేయనీ.”

లారీ కింద నుంచి యేసన్న అరిచాడు. “అన్నా, ఈ ఇరుసు తలకిందులుగా ఉండాదే! తాగి బిగించినావని అంటే నిజమేనా?”

“ఔ. నీ పెండ్లిలో తాగినా. అది ఇంగా దిగలా.”

నేను అతని పక్కన కూర్చున్నాను. “నవ్వుతారనా?”

“నన్నా? ఏడేండ్లు నవ్వినారు. నాకేమైనా అరిగినాదా?” గొంతు తగ్గించాడు. “అది చదువుకున్నోల్లు ఉండే తావు సార్. ఆడ అయ్యవార్లు సగంమంది నీకాడ చదివినోల్లే. కిందికి దూరి చూస్తారు. ఇది ఎవురు చెప్పినారు అంటారు. నాకు వయసైనాది, నోరు ఎప్పుడు జారుతాదో ఏమో. కోసేస్తే ఆ మాట ఈడనే పోతాది.”

నా పరువు కాపాడటానికి, తన జన్మలో కట్టిన ఒకే ఒక్క బండిని అతను కోయించబోతున్నాడు.

కింద మంట వెలిగింది. నీలంగా, సన్నగా, బుస్సుమంటూ.

“యేసన్నా, ఆర్పు.”

“యేంటికి సార్?”

“ఆర్పి బయటికి రా. ఆ ఇరుసు తలకిందులు పెట్టమని చెప్పింది నేను. బొమ్మ గీసి మరీ చెప్పాను. రామాంజులు నా మాట నమ్మి బిగించినాడు, అంతే.”

యేసన్న పాక్కుంటూ బయటికి వచ్చాడు. నల్లటి అద్దాలు నెత్తి మీదికి జరిపి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

“నువ్వా సార్? కాలేజీలో ఫిజిక్స్ చెప్పినోడివి!”

“ఔ.”

“మా పిల్లోడు నీకాడే చదివినాడు. అందుకేనా సార్ వాడు పాసు కాలేదు! నేను వాన్నే కొడితినే!”

ముందు రామాంజులు నవ్వాడు. నవ్వుతూ తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. టీ కొట్టు దగ్గరికి సంగతి చేరడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. డ్రైవర్లు వచ్చి నన్ను ఏడిపించారు. ఒకడు నా స్కూటర్ చక్రాలు ఎటు తిరుగుతున్నాయో వంగి చూశాడు. నాకు అవమానం అనిపించలేదు. సుజాత ఉంటే బాగుండు అనిపించింది.

యేసన్న సిలిండర్లు ఆటోలోకి ఎత్తుకున్నాడు. పొద్దున్నే బండి తన కాళ్ల మీదే ఐటీఐకి పోవాలని తేల్చుకున్నాం. అక్కడ బోర్డు మీద ఏం రాయించాలని అడిగాను.

రామాంజులు ఆలోచించాడు. “ఇరుసు నీది అని రాయి సార్. మిగిలిందంతా నాది.”

పొద్దు వాలేసరికి కొత్త బ్యాటరీ పెట్టి ఇంజను ఒకసారి పలికించాడు. చెవి ఆనించి విన్నాడు. చాలని ఆపేశాడు. డ్రైవరు తలుపు ఎప్పుడూ విసిరికొడితేనే పడేది. ఆ సాయంత్రం దాన్ని రెండు చేతులతో కాస్త పైకెత్తి, చప్పుడు కాకుండా మూశాడు.