రైలెక్కని నీడ

పొద్దున్నే లేచి టైర్లు నొక్కి గాలి చూసుకోవడం, గొలుసుకు నూనె పెట్టడం, రొట్టె మీద పందికొవ్వు రాసుకుని పచ్చి ఉల్లిపాయతో తినేసి బయల్దేరడం. హంగరీ పడమటి అంచున ఉన్న షోప్రోన్ నుంచి రెండు రోజులు పిరోష్క ఇలాగే సైకిల్ తొక్కింది. మూడోనాడు దారిలో కొమారోం అనే ఊరి దగ్గర ఎదురుగాలి మొదలైంది. అరవయ్యో ఏట మోకాళ్ళు ఇక మావల్ల కాదన్నాయి. సైకిల్‌తో సహా బుడాపెస్ట్ రైలెక్కేసింది.

ఆమె నీడ మాత్రం ఎక్కలేదు. సైకిల్ నీడను పట్టుకుని ప్లాట్‌ఫామ్ మీదే నిలబడిపోయింది.

"నీడలు రైలెక్కవు గదమ్మా," అన్నాడు టికెట్లు చూసే ఆయన. "దాని మానాన అది తొక్కుకుంటూ వచ్చేస్తుందిలెండి."

వెళ్ళేది అక్క ఎటెల్క దగ్గరికి. పదకొండేళ్ళ క్రితం అమ్మ పోయినప్పుడు పిరోష్క జ్వరమని అబద్ధమాడి వెళ్ళలేదు. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. 'ప్రతి కిలోమీటరూ నా కాళ్ళతో తొక్కుకుంటూ వస్తాను, అప్పుడైనా తలుపు తియ్యి' అని ఉత్తరం రాసింది తనే. ఇప్పుడు ఆ మాటా తప్పింది. నగరం మొదట్లోనే రైలు దిగి, ఎవరూ చూడకుండా చక్రాలకి బురద పూసింది. పూస్తుంటే తన మీద తనకే అసహ్యమేసింది.

వంతెన దాటి, ట్రాముల పక్కనుంచి తొక్కుకుంటూ మిట్టమధ్యాహ్నానికి అక్క ఉండే భవనం చేరింది. ఉత్తరం సంగతి ఎటెల్క ముందే చెప్పినట్టుంది, నాలుగంతస్తుల వరండాల్లోంచీ జనం చప్పట్లు కొట్టారు. కింది వాటాలో ఉండే ముసలి డెజో పాలింక అనే పళ్ళసారా గ్లాసు చేతికిచ్చాడు.

"షోప్రోన్ నుంచేనా? నేను పై అంతస్తుకెళ్ళేలోపు మూడుసార్లు కూర్చుంటానమ్మాయ్."

పిరోష్కకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. నడిఎండలో అందరి కాళ్ళ దగ్గరా నీడలున్నాయి, తన కాళ్ళ దగ్గర వట్టి రాళ్ళే ఉన్నాయి. నీడ లేదని చూడనివాళ్ళు లేరు, అడిగినవాళ్ళూ లేరు.

ఎటెల్క మెట్లు దిగి వచ్చింది. బురద చూసింది, తర్వాత నేల చూసింది.

"ఎక్కడ వదిలేశావ్?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చి ఆగింది.

"కొమారోంలో. రైలెక్కేశానక్కా."

చప్పట్లు ఆగిపోయాయి. పిరోష్క తలెత్తకుండా సైకిల్ గేటువైపు తిప్పింది.

"ఎక్కడికి?"

"ఏ మొహం పెట్టుకుని ఉండను?"

ఎటెల్క హ్యాండిల్ పట్టుకుంది.

"ఈ ఎదురుగాలికి అది రావడానికి ఇంకో రెండ్రోజులు పడుతుంది. అంత దూరం తొక్కుకుంటూ వచ్చాక నువ్వు లేకపోతే అదెక్కడికి పోతుందే? పైకి రా. అమ్మ మంచం మీద పొద్దున్నే దుప్పటి మార్చాను."