ఎవరైనా చూస్తున్నారా

రూటర్ జాలీకి పట్టిన దుమ్మును పాత పెయింటు కుంచెతో దులిపి, మల్లికార్జునం కుర్చీలో కూర్చున్నాడు. ఆత్మకూరు బస్టాండు వెనక మేడమీదుంది ఆ కేబుల్ ఆఫీసు. ఏళ్లతరబడి స్తంభాలెక్కిన మనిషి. అరికాళ్లు లోపలికి వంగాయి, వైర్లు ఒలిచి ఒలిచి వేళ్లు మొద్దుబారాయి. ఆ వేళ్లతోనే కీబోర్డుమీద ఒక్కో అక్షరం వెతికి కొడతాడు.

ఫిర్యాదుల ఫోను చూసే ఉషారాణి తలుపు తోసి తొంగిచూసింది.

"అన్నా, ఉదయగిరి వెంకమ్మ మళ్లీ ఫోన్ చేసింది, కొయ్యగరిటెలు చెక్కే ఆమె. బొమ్మ వస్తా వస్తా ఆగిపోతా ఉండాదంట. ఈ పొద్దు పెంచలకోన సామి కల్యాణం లైవు గదా, అది గూడా పోతే ఎట్టా అంటా ఉండాది."

"పోదని చెప్పు. చూస్తా ఉండాను."

వెనకటి వైర్ల కాలంలో, చూసినా చూడకపోయినా అన్ని ఛానళ్లూ అన్ని ఇళ్లకూ పోయేవి. ఇప్పుడు కల్యాణం బొమ్మ ఆత్మకూరు నుంచి ఒకే ఒక్క ధారగా బయలుదేరి, ఉదయగిరి కొండ కింద రూటర్ దగ్గర ఎన్ని ఇళ్లు అడిగితే అన్ని పాయలవుతుంది. ఎవరూ అడక్కపోతే అక్కడిదాకా రానే రాదు. అందుకే ఆ రూటర్ ఉండుండి వీధి వీధినీ అడుగుతుంది: దీన్ని ఎవరైనా చూస్తున్నారా? ఇళ్లలో టీవీ పెట్టెలు చూస్తున్నామని బదులిస్తాయి. బదులు అందని ఇంటికి ధార ఆగిపోతుంది. నెల్లూరు ఇంజనీరు ఈ సంగతి చెప్పిన రోజు మల్లికార్జునం అన్నం తినడం మరిచిపోయాడు. ఆ ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

వెంకమ్మ వీధిలో పెట్టెలన్నీ దాదాపు ఒక్కసారే బదులిస్తున్నాయి. ఆ తోపులాటలో ఆమె పాత పెట్టె మాట పోతోంది. ఇంజనీరుకు ఫోన్ చేశాడు. "బదులుకిచ్చే గడువు పెంచి చూడన్నా, ఒకదాని తర్వాత ఒకటి నిదానంగా చెప్పుకుంటాయి" అన్నాడతను. మల్లికార్జునం కూర్చున్న చోటి నుంచే ఆ కొండకింది రూటర్‌లో పది సెకన్ల గడువును ఇరవై చేశాడు. ఎంటర్ నొక్కి, కాసేపు తెరవైపే చూసి, చెప్పులు తొడుక్కుని ఉదయగిరి బస్సెక్కాడు. ఇంట్లో బొమ్మ కళ్లతో చూస్తే తప్ప ఆయనకు పని అయినట్టు కాదు.

వెంకమ్మ వసారా నిండా కొయ్యపొట్టు. అలవాటుగా ఆయన టీవీ వెనక్కి పోయి వంగి, తీగ బిగించాడు.

"ఎనకేముండాది అబ్బయ్యా? ముందుకొచ్చి కూర్చో."

ఆయన జీవితమంతా టీవీల వెనకే గడిచింది. భార్య సుబ్బరత్నమ్మ ఉన్నన్నాళ్లూ పక్కన కూర్చోమని పిలిచేది. బొమ్మ సరిచేసి, పనుందని బయటికి పోయేవాడు. ఇప్పుడు పీటమీద కూర్చున్నాడు.

తెరమీద పెంచలకోనలో మేళం ఊపందుకుంది. అదే మేళం పక్కింట్లో, ఎదురింట్లో, వీధి చివర. మాంగల్యధారణ అయింది. తలంబ్రాలు పడుతున్నాయి, ఒక్కో బియ్యపు గింజ మెరుస్తూ రాలుతోంది. పొద్దున తను కొట్టిన అంకె ఎక్కడో, ఈ గింజ ఎక్కడో. మల్లికార్జునం చేతులు జోడించాడు, దేవుడికో, ఆ ధారకో తెలియకుండానే.

"ఆగలేదే" అంది వెంకమ్మ నెమ్మదిగా.

"ఆగదమ్మా."

వచ్చేటప్పుడు ఆమె ఓ గరిటె చేతిలో పెట్టింది. "ఇంకా నున్నగా రుద్దలా. ఫరవాలేదు, తీసకపో."

మధ్యాహ్నం తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉషారాణికి ఫోన్ చేశాడు.

"బొమ్మ నిలబడిందిలే."

"నువ్వు గూడా చూసినావా అన్నా?"

"చూసినాను. కూర్చోని, మొత్తం చూసినాను."

కొండ వెనకబడింది. గాలి చల్లగా తగిలితే కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

ఆత్మకూరులో కండక్టరు, "పెద్దాయనా, ఊరొచ్చింది" అని భుజం తట్టాడు. రెండోసారి తట్టబోయి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, డ్రైవరును కేకేశాడు. నలుగురు కలిసి ఆయన్ను మెల్లగా దించారు.

సీటుమీద గరిటె మిగిలింది. దాని పిడి చివర చెక్కిన చేప పొలుసుల్లో సన్నటి కొయ్యపొడి ఇంకా అట్లాగే ఉంది.