బోర్డింగు బడి చరిత్ర

నా భర్త తిరుపతి చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. "స్టేజి మీద మంచిగ మాట్లాడు," అన్నాడు వెనక నుంచి. "ఆ మిషనోళ్లు చదివియ్యకుంటే గీ హైటెక్ సిటీ నౌకరి యాడిది నీకు? బర్లు కాస్తుండేదానివి."

చేవెళ్ల దగ్గర, చర్చి వాళ్లు నడిపే మా ఆడపిల్లల బోర్డింగు బడికి యాభై ఏళ్లు నిండాయి. బడి చరిత్ర చెప్పమని హెడ్‌మిస్ట్రెస్ వసంతమ్మ గారు నన్ను పిలిచారు. "కృతజ్ఞత కనపడాలి జ్యోతీ," అని ఫోన్లో గుర్తు చేశారు కూడా. తిరుపతితో బయల్దేరి మొయినాబాద్ దాటినా, ఆ మాటల మీద నా కోపం చల్లారలేదు. చదువు చెప్పారు, నిజమే. కానీ మా ఇంటి యాసలో ‘గిట్ల’ అంటే అరచేతి మీద బెత్తం పడేది. సాయంత్రమైతే పక్కనే చర్చి వాళ్లు నడిపే మగపిల్లల హాస్టల్ నుంచి బట్టల మూటలొచ్చేవి. వాళ్లు క్రికెట్ ఆడుకునేవాళ్లు, మేం వాళ్ల నిక్కర్లు ఉతికేవాళ్లం. "రేపు అత్తగారింట్లో పనికొస్తుంది," అనేవారు వసంతమ్మ గారు. నా పక్క మంచం సాలమ్మ లెక్కల్లో నాకంటే చురుకు. పదో తరగతిలో ఉండగా బడి మేనేజరు గారి తల్లి మంచాన పడితే, సేవ చేయమని దాన్ని బంగళాకు పంపారు. ముసలావిడ కోలుకునేసరికి పరీక్షలు అయిపోయాయి. సాలమ్మ ఇప్పుడు కనకమామిడిలో ఎవరిదో ఫాంహౌస్ ఊడుస్తోంది.

మేం వెళ్లేసరికి షామియానా కింద భోజనాలు నడుస్తున్నాయి. వంటింటి వెనక చిన్నపిల్లలు గంగాళాలు తోముతున్నారు. "పేరేంది బిడ్డా?" అని ఒకమ్మాయిని అడిగాను. అది అటూ ఇటూ చూసి, "గట్ల మాట్లాడితే టీచర్ కొడతది మేడం," అని గుసగుసగా అంది.

నా పేరు పిలవగానే స్టేజెక్కి మైకు అందుకున్నాను.

"నేను గిట్లనే మాట్లాడుత. మీరు చెప్పిన చదువు నాతోనే ఉన్నది. మీరు చేయించుకున్న చాకిరి గూడ యాదికున్నది."

సాలమ్మ సంగతి మొత్తం చెప్పాను. వసంతమ్మ గారు నా కొంగు పట్టి లాగారు. "చాలు జ్యోతీ, దిగు!"

"ఇంకొక్క మాట మేడం. వంటింటి ఎనక పిల్లలు మీ ఎంగిలి ప్లేట్లు కడగనీకి కూసున్నరు. ఇయ్యాల ఎవరి ప్లేటు వాళ్లే కడగాలె."

ఒక్కరూ కదల్లేదు. నేనే దిగి వెళ్లి, పిల్లల చేతులు కడిగించి, ముందు వరుస కుర్చీల్లో కూర్చోబెట్టి వడ్డించాను. తిరుపతి ఎంగిలి ప్లేటుతోనే వచ్చాడు. ముఖం మాడిపోయి ఉంది.

"ఇజ్జత్ తీసినవ్ గద. నడువ్, ఇంటికి పోదాం."

"నేను సాలమ్మ తానికి పోతున్న," అన్నాను. "నల్లా ఆడున్నది. ప్లేటు కడిగి, నువ్వు పో."