మాడుగుల కొలత

ఉమాదేవి పాలప్యాకెట్ మీద తేదీ మరోసారి చూసి, గ్యాస్ కట్టేసి ఉందో లేదో తడిమి, కంప్యూటర్ ముందు కూర్చుంది. అనకాపల్లిలో ఇంటి నుంచే ఆమె ఉద్యోగం. ఉపగ్రహం మీది గామా కిరణాల దూరదర్శిని పంపే లెక్కల్లో ఏ గెలాక్సీ నడిబొడ్డున వెలుగు ఒక్కసారిగా ఎగసిందో చూడాలి. అది నిజమో, యంత్రం పొరపాటో తేల్చాలి. నిజమంటే రేడియో, ఎక్స్-కిరణాల దూరదర్శినులన్నీ అటు తిరుగుతాయి. నిరుడు ఎవరో కల్పించి పంపిన కొలత నమ్మి అందరినీ తిప్పింది. సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి దేన్నీ నమ్మదు.

ఆ చలికాలపు ఉదయం సింహరాశి దిక్కున ఒక గెలాక్సీ ఎగసినట్టు కనిపించింది. కంటికి కనబడే మామూలు వెలుగులోనూ పెరిగిందా? ఆ కొలత ఇచ్చేది సూర్యనారాయణమూర్తి. మాడుగులలో ఆయనకు హల్వా దుకాణం, దాని డాబా మీద సొంత దూరదర్శిని. ఉమాదేవి ఫోన్ చేసింది.

“పెరిగిందమ్మాయ్! తెల్లారగట్ల సూసేను. రెట్టింపుంది.”

“ఇక్కడంతా మబ్బే బాబాయ్. మీకెలా కనబడింది?”



“సూడకుండా సెప్పేనంటావేటి?”

“ఫొటో పంపండి.”

“నెట్టు లేదు. వచ్చేక పంపుతాను.”

ఫొటో రాలేదు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. దొరికిపోయాడు, అనుకుంది. బస్సెక్కి, నిలదీయవలసిన మాటలు దారిపొడవునా కూర్చుకుంది.

దుకాణం షట్టర్ సగం దించి ఉంది. ముందంతా చెప్పులు. లోపల చాప మీద సూర్యనారాయణమూర్తిని పడుకోబెట్టి, మొహం వరకు దుప్పటి కప్పారు. పక్కన ఆయన భార్య సూర్యకాంతమ్మ.

“నువ్వేనా ఉమాదేవివి? నీతో మాటాడి కిందకి దిగేరు. గుండెల్లో పట్టేసిందన్నారు. ఆటో వచ్చేలోపే అయిపోయింది.” ఆమె తలెత్తింది. “ఆ పిల్ల నన్ను నమ్మలేదే, అన్నారు. నిజవేనా?”

“నిజమే పిన్నీ. నమ్మలేదు.”

సూర్యకాంతమ్మ కళ్లు తుడుచుకుని మెట్లవైపు చూపించింది. “పైనుంది. సూసుకో.”

డాబా మీద ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. ఆ తెల్లవారుజామున తీసిన ఫొటోలో మబ్బు తునకైనా లేదు. ఉమాదేవి అలవాటుగా రెండుసార్లు కొలిచింది. ఆయన చెప్పినంతే. తన ఫోన్ నెట్‌తో అందరికీ కబురు పంపింది: నిజమే, చూసినవారు సూర్యనారాయణమూర్తి, మాడుగుల.

కింద ఏడుపులు పెరిగాయి. ఆమె లేవబోయి ఆగింది. మంచు పడకుండా దూరదర్శిని మూతికి ఆయన తన మంకీ టోపీ తొడిగి వెళ్లారు.